గూగుల్ అలర్ట్స్: నెల్లూరు మిఠాయి కొట్టుకు ఎంతవరకు పనికొస్తుంది?

మలై కాజా అమ్మే కొట్టు గురించి ఇంటర్నెట్‌లో ఎవరేం రాస్తున్నారో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని సాధనం గూగుల్ అలర్ట్స్. 2003 నుంచీ ఉంది. మనమిచ్చిన మాట కొత్తగా ఏదైనా వెబ్ పేజీలో గూగుల్ కంటబడితే మెయిల్ పంపుతుంది. సెట్టింగులు సరిచేసుకోకపోతే మాత్రం దండగే.

భాష దగ్గర ఇంగ్లీషు ఉంటే తెలుగు పేజీలు రావు. 'ఎనీ లాంగ్వేజ్' పెట్టండి. 'ఓన్లీ ది బెస్ట్ రిజల్ట్స్' తీసేసి 'ఆల్ రిజల్ట్స్' ఎంచుకోండి, లేకపోతే చిన్న కొట్టు ప్రస్తావనలు వడపోతలోనే పోతాయి. మెయిల్ రోజుకొకటి చాలు. ఎప్పటికప్పుడు రమ్మంటే కుప్పలు పడి, చివరికి తెరవడమే మానేస్తారు.

అసలు తిప్పలంతా మాటల ఎంపికలోనే. ఒట్టి 'కాజా' అని ఇస్తే తాపేశ్వరం కాజాతో పాటు ఖాజా అనే పేరున్న మనుషుల వార్తలూ వచ్చిపడతాయి. కొట్టు పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన నెల్లూరు చేర్చి, తాపేశ్వరం ఫలితాలు రాకుండా ఆ మాటకు ముందు, మధ్యలో ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు పెట్టాలి. జనం రాసే తీరు ఒకటి కాదు: తెలుగులో కాజా, ఖాజా, ఇంగ్లీషులో హెచ్ పెట్టి, పెట్టకుండా, రెండు 'ఎ'లతో. ఒక్కోదానికి ఒక్కో అలర్ట్ పెట్టడమే మేలు. ఏది చెత్త తెస్తోందో తెలిసిపోతుంది, దాన్నొక్కదాన్నే సరిదిద్దుకోవచ్చు.

ఇన్‌స్టాగ్రామ్ రీళ్లకూ ఫేస్‌బుక్ గ్రూపులకూ దీన్ని నమ్ముకోవద్దు. వాట్సాప్ సంభాషణలు దీనికే కాదు, ఏ సాధనానికీ అందవు. గూగుల్ మ్యాప్స్ రివ్యూల కోసం, గూగుల్‌లో మీ కొట్టు వివరాలుండే బిజినెస్ ప్రొఫైల్‌లో నోటిఫికేషన్లు విడిగా ఆన్ చేయాలి. స్టార్లు తక్కువిచ్చారన్న కారణంతో రివ్యూ తీసేయరు. నిబంధనలు మీరిన వాటినే తీస్తారు. కాబట్టి పాకం ముదిరిందని ఎవరైనా రాస్తే ఆ రోజే, ఏ బ్యాచో అడిగి, మర్యాదగా జవాబివ్వండి. ఆ జవాబు చదివేది రాసినాయన ఒక్కడే కాదు, రేపు కొట్టుకు రాబోయేవాళ్లు కూడా.

ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతా ఉంటే మెటా బిజినెస్ సూట్‌లో రెండింటి కామెంట్లూ మెసేజీలూ ఒకేచోట చూడొచ్చు. ఇదీ ఉచితమే. ట్యాగ్ చేయకుండా పొగిడినా తిట్టినా దీనికి తెలియదు. యూట్యూబ్‌లో వారానికోసారి కొట్టు పేరు కొట్టి, కొత్త వీడియోలు చేత్తోనే వెతకాలి. వ్లాగర్ నోటితో చెప్పి, టైటిల్లో రాయని పేరు అలర్ట్‌కు చిక్కదు.

అన్నీ ఒక షీట్‌లో ఎక్కించండి: తేదీ, లింకు, మెచ్చుకోలా ఫిర్యాదా, ఏ సరుకు, జవాబిచ్చామా. ఒకే ఫిర్యాదు రెండోసారి కనబడితే అది ప్యాకింగ్‌దో వంటశాలదో వెంటనే చూడాలి.

ఇంటర్నెట్‌లో ప్రస్తావనలు వెతికిపెట్టే బ్రాండ్24, మెన్షన్ లాంటి సాధనాలు నెలనెలా డాలర్లలో కట్టించుకుంటాయి. మెచ్చుకోలు, తిట్లు వేరుచేసి చూపిస్తామంటాయి గానీ, 'టేస్ట్ మామూలుగా లేదు' లాంటి మన పొగడ్త దగ్గర తడబడొచ్చు. హైదరాబాదు, బెంగళూరులకు కొరియర్ వ్యాపారం పెరిగితే ఆలోచించండి. ఉచిత ట్రయల్ దొరికితే రొట్టెల పండుగ వారంలో వాడండి. స్వర్ణాల చెరువుకు బయటూళ్ల జనం వచ్చే రోజులవి, పోస్టులూ అప్పుడే ఎక్కువ. అది పట్టినవీ మీ షీట్‌లో ఉన్నవీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టండి. షీట్‌లోనే ఎక్కువుంటే డబ్బు కట్టొద్దు.