చేతి హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్: అచ్చు బాగానే పడుతుంది, అంకెలే కనిపించవు

సైట్లలో ప్యానెళ్లకు కేబుళ్లు కట్టించే సూపర్‌వైజర్‌ని. కోఠి ట్రూప్ బజార్‌లో కొన్న టూల్ ఇది. కేబుల్ కొసకు తొడిగే లగ్‌ని (లోహపు తొడుగు) ఆయిల్ ప్రెషర్‌తో నొక్కి బిగిస్తుంది. 16 నుంచి 300 స్క్వేర్ ఎంఎం కేబుళ్ల దాకా డైలు (లగ్‌ని నొక్కే అచ్చు దిమ్మెలు) పెట్టెలోనే ఇచ్చారు. మాకు ఎక్కువగా మూడున్నర కోర్ (మూడు ఫేజులు, దాదాపు సగం సైజు న్యూట్రల్) 95 అల్యూమినియం ఆర్మర్డ్ (లోహపు కవచం ఉన్న) కేబులే. ఫేజులకు 95 డై, న్యూట్రల్‌కు 50. లగ్ మీద ఆరు పలకల అచ్చు శుభ్రంగా పడుతుంది. లగ్‌ని సుత్తితో చితక్కొట్టి "అయిపోయింది సార్" అనే కుర్రాళ్ల చేతికి దీన్నిచ్చాక నాకు సగం టెన్షన్ తగ్గింది. అలా కొట్టిన జాయింట్ లోడ్ పడగానే వేడెక్కి, ఇన్సులేషన్ మాడిపోతుంది.

చిరాకు ఎక్కడంటే, డైల మీద అంకెలు మరీ సన్నగా చెక్కారు. గ్రీజు అంటితే 95, 120 తేడా తెలీదు. పెద్ద డై పడితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల వదులు. నేను పెయింట్‌తో రాసుకున్నాను. ఇంకోటి, రెండు డైలు ఆనుకున్నాక ప్రెషర్ దానంతటది వదలదు. ఆగకుండా హ్యాండిల్ కొడితే సీలు పోయి ఆయిల్ కారుతుంది. మాదీ కారింది, షాపువాళ్లు పట్టించుకోలేదు.

హ్యాండిల్ రబ్బరు పట్టు కోసమే, షాక్ ఆపదు. ఫీడర్ (ఆ కేబుల్‌కు కరెంటు ఇచ్చే లైను) ఆఫ్ చేసి, తాళం వేసి, సప్లై లేదని టెస్టర్‌తో చూశాకే పని మొదలుపెట్టాలి. అల్యూమినియం తీగల్ని బ్రష్‌తో గీకి పేస్ట్ రాయడం, ప్యానెల్‌లో రాగి బస్‌బార్ (కరెంటు పట్టీ) అయితే రాగి, అల్యూమినియం కలిసిన బైమెటాలిక్ లగ్ వాడటం, కేబుల్ ప్యానెల్‌లోకి దూరే చోట ఉండే గ్లాండ్‌లో ఆర్మర్ బిగించి ఎర్త్ ఇవ్వడం ఎలాగూ మన పనే.

రోజూ 240, 300 కేబుళ్లు వేసేవాళ్లు మాత్రం బ్యాటరీది కొనుక్కోండి, భుజాలు పోతాయి.