ఎనిమిదేళ్లు వాడాక చెబుతున్నాను: పాత ట్రయంఫ్ విప్పడానికి కొన్న పనిముట్లు

నా బండి 1966 నాటి ట్రయంఫ్ బోనవిల్ టీ120. 649 సీసీ, పక్కపక్కనే రెండు సిలిండర్లు, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మేముండేది ఇంగ్లండులో, కోవెంట్రీ దగ్గర. ఈ బండి తయారైన మెరిడెన్ మా ఇంటికి పావుగంట దూరం. ఆ ఫ్యాక్టరీ 1983లో మూతపడింది, ఇప్పుడక్కడ ఇళ్లు వచ్చేశాయి. ఒక వీధికి బోనవిల్ పేరే పెట్టారు. కొన్న వారంలోనే ఆ వీధిదాకా నడుపుకుంటూ వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఎడమ బూటు నిండా ఆయిల్.

ఈ ఎనిమిదేళ్లలో ఇంజను పైభాగం మూడుసార్లు, మొత్తం ఇంజను ఒకసారి విప్పి బిగించాను. క్లచ్ ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. ఇంత విప్పాక నాకు బాగా అర్థమైంది ఒక్కటే. ఈ బండికి జరిగిన నష్టంలో ఎక్కువ భాగం వయసు వల్ల వచ్చింది కాదు. సరిపోని పానాతో ఎవరో విప్పబోయి చేసింది. మూలలు అరిగి గుండ్రంగా అయిపోయిన నట్లు, ఉలి దెబ్బలు తిన్న కవర్లు, మరలు పోయిన రంధ్రాలు. అందుకే మెరుపు తగ్గిన ట్యాంకు మీద పెట్టే డబ్బు ముందు పనిముట్ల మీద పెట్టమంటాను.

మొదట పానాల సంగతి. ఈ బండి నట్లకు మన దగ్గర దొరికే మిల్లీమీటరు పానాలు పనికిరావు. ఇవి విట్‌వర్త్ కొలతలు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మర అది, మర కోణం 55 డిగ్రీలు. మోటారు సైకిళ్లలో దీంతోపాటు సైకిల్ మర అని ఇంకోటి వాడారు, దాని కోణం 60 డిగ్రీలు. కొత్తగా వచ్చినవాళ్లు తికమక పడేది పానా మీది అంకె దగ్గర. 1/4 అని ఉంటే దాని నోరు పావు అంగుళం కాదు. పావు అంగుళం బోల్టు తలకు పట్టే పానా అని అర్థం. నోటి వెడల్పు 0.525 అంగుళాలు, అంటే 13.3 మిల్లీమీటర్లు. 13 పానా ఎక్కదు, 14 పానా వదులుగా ఊగుతుంది. ఆ 14తోనే బలంగా లాగితే ఆరు మూలలూ పోతాయి. నా బండి మీద అలాంటి నట్లు పదకొండు ఉన్నాయి, కూర్చుని లెక్కపెట్టాను.

నా మొదటి సెట్టు ఆన్‌లైన్‌లో కొన్నది. తళతళా మెరుస్తూ, ప్లాస్టిక్ సంచిలో చక్కగా సర్ది వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే 3/16 పానా నోరు తెరుచుకుంది. రింగు పానాల గోడలు మరీ మందం. సిలిండరు అడుగున ఎనిమిది నట్లుంటాయి, వాటికీ సిలిండరు రెక్కలకూ మధ్య చోటు చాలా తక్కువ. అక్కడ ఆ రింగు దూరనే లేదు. గ్రైండరు పట్టి పల్చన చేయబోతే చిట్లింది. ఆ సెట్టు ఎవరికీ ఇవ్వకుండా తుక్కులో వేశాను.

రెండో సెట్టు పాత మోటారు సైకిళ్ల స్టాఫర్డ్ షోలో నేల మీద పరిచిన టార్పాలిన్ మీద దొరికింది. బర్మింగ్‌హామ్ కంపెనీ కింగ్ డిక్ చేసిన పాత పానాలు, విడివిడిగా ఏరుకున్నవి. పైన తుప్పు మరకలున్నాయి కానీ నోటి అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఏడేళ్లుగా అవే వాడుతున్నాను, ఒక్కటీ నోరు తెరవలేదు. పాత పానాలు కొనేటప్పుడు నేను చూసేది ఒకటే. తెలిసిన కొత్త నట్టు ఒకటి జేబులో వేసుకెళ్లి, పానాలో పెట్టి ఊపుతాను. కదలిక చేతికి తెలిసిందంటే వదిలేస్తాను.

విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్యకు బుల్లెట్ల షెడ్డు ఉండేది. నేను బండి నేర్చుకుందీ అక్కడే, అప్పటి బుల్లెట్‌కూ గేరు కుడివైపే. ఆయన దగ్గర "ఇంచీ పానాలు" అని గోడకు ఒక వరుస విడిగా వేలాడుతుండేది. కుర్రాళ్లెవరైనా తొందరలో ఏదో ఒకటి అందుకుంటే కేకలేసేవాడు, "పానా నట్టు మీద కూర్చోవాలిరా, వేలాడకూడదు" అని. ఇక్కడికొచ్చి ట్రయంఫ్ కొన్నాకే ఆ వరుస ఏమిటో, దాన్ని ఎందుకంత జాగ్రత్తగా చూసుకునేవాడో తెలిసింది.

ఇక ఇంపాక్ట్ డ్రైవర్. పెట్టిన డబ్బుకు ఇంత న్యాయం చేసిన వస్తువు నా గ్యారేజీలో ఇంకోటి లేదు. ఈ బండి పక్క కవర్లన్నీ ప్లస్ తల స్క్రూలతో బిగించి ఉంటాయి. స్క్రూ ఇనుము, కవరు అల్యూమినియం. యాభై ఏళ్ల తేమకు రెండూ ఒకదాన్నొకటి పట్టేసి, మధ్యలో తెల్లటి పొడి గడ్డకట్టి ఉంటుంది. చేతి స్క్రూడ్రైవర్‌తో తిప్పితే అది పైకి జారి తల అరిగిపోతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ వెనక సుత్తితో కొడితే ఒకే దెబ్బకు బిట్టు లోపలికి దిగుతుంది, పక్కకు తిరుగుతుంది కూడా. దిగుతూ తిరుగుతుంది కాబట్టి జారదు. నా బండి టైమింగ్ కవరు (వాల్వులు నడిపే చక్రాల మీది మూత) స్క్రూలలో రెండు తప్ప అన్నీ దీనితోనే వచ్చాయి. ఆ రెండింటి తలలు ముందే పోయి ఉన్నాయి, డ్రిల్లు పెట్టి తీయాల్సి వచ్చింది.

వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొట్టే ముందు అది ఏ వైపు తిరిగేలా పెట్టి ఉందో చూసుకోండి. బిగించే వైపు ఉంటే ఒక్క దెబ్బకు పని రెట్టింపవుతుంది. రెండోది, చిన్న సుత్తితో పదిసార్లు కొట్టకుండా బరువైన సుత్తితో ఒక్కసారి గట్టిగా కొట్టండి. చిన్న దెబ్బలకు తల చితుకుతుందే గాని స్క్రూ కదలదు.

తీశాక ఆ స్క్రూల బదులు స్టెయిన్‌లెస్ ఆలెన్ స్క్రూలు వేశాను, చాలామంది అదే చేస్తారు. ఆలెన్ కీతో బలం ఎక్కువ పడుతుంది, అల్యూమినియం మర ఆ బలానికి తట్టుకోదు. కీ పొడుగు వైపు రెండు వేళ్లతో పట్టుకుని బిగిస్తే చాలు.

క్లచ్‌ను లాగి ఊడదీసే పుల్లర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. క్లచ్ మధ్య భాగం గేర్‌బాక్స్ షాఫ్టు మీద టేపరులో, అంటే కొసకు సన్నబడే భాగం మీద, కూర్చుని ఉంటుంది, తిరగకుండా ఒక చిన్న అర్ధచంద్రాకారపు కీ అడ్డు. మధ్య నట్టు తీసేసినా అది ఊడిరాదు. మాన్యువల్ ప్రకారం ఆ నట్టు బిగింపు 50 అడుగుల పౌన్లు, ఆ బిగింపుతో టేపరు మీద ఏళ్ల తరబడి అదిమి ఉంటుంది. దాని లోపలి మరలోకి బిగించే పుల్లర్ ప్రత్యేకంగా దొరుకుతుంది. అది లేకుండా వెనక నుంచి టైరు లివర్లు పెట్టి ఎత్తితే చక్రం వంగుతుంది, కేసు అంచు పగులుతుంది. నాకు ముందు ఈ బండి చూసిన ఒక వర్క్‌షాపు అదే చేసింది, ప్రైమరీ కేసు (క్లచ్ ఉండే గది) లోపలి అంచున రెండు చోట్ల గుంటలున్నాయి.

మొదటిసారి పుల్లర్ బిగించిన రోజు సాయంత్రం నాలుగింటికే చీకటి పడింది. మధ్య స్క్రూ ఎంత బిగించినా క్లచ్ కదల్లేదు. ఇంకా బిగిస్తే పుల్లర్ మర పోతుందేమోనని టెన్షన్. మామయ్యకు వీడియో కాల్ చేశాను, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటింది.

"మామయ్యా, రావట్లేదు. సుత్తితో పక్కనుంచి కొట్టనా?"

"పక్కనుంచి కొట్టకురా. అది బిగుతుగా ఉందా?"

"ఇంక తిరగట్లేదు."

"అయితే అలాగే వదిలేసి అన్నం తిను. పొద్దున్నే స్క్రూ తల మీద నిటారుగా ఒక్కటెయ్యి."

పొద్దున్నే గ్యారేజీలోకి వెళ్లి రాగి సుత్తితో ఆ తల మీద ఒక్కటి వేశాను. ఫట్‌మని చప్పుడు. మొత్తం క్లచ్ షాఫ్టు మీంచి అర అంగుళం ముందుకు దూకి ఆగింది. చేతిలోకి తీసుకునేసరికి లోపలి నుంచి చిన్న రోలర్లు టపటపా నేల మీద పడ్డాయి. ఆ క్లచ్‌లో అవి 20 ఉంటాయి. మోకాళ్ల మీద వెతికి పంతొమ్మిది పోగుచేశాను, ఇరవయ్యోది వాషింగ్ మెషీన్ కింద దొరికింది. ఇప్పుడు ముందే కింద పాత దుప్పటి పరుస్తున్నాను. బిగించేటప్పుడు రోలర్లు గ్రీజులో ముంచి అతికిస్తే కదలకుండా కూర్చుంటాయి.

ఆ పుల్లర్ ఎనిమిదేళ్లుగా చెక్కుచెదరలేదు. దానితోపాటు క్లచ్ తిరగకుండా ఆపే పనిముట్టు కొనక్కర్లేదు. పాత ప్లేట్లు రెండు, ఒకటి సాదాది, ఒకటి రాపిడిది, కలిపి బోల్టులు వేసి నేనే చేసుకున్నాను.

టైమింగ్ వైపు ఒక్క మాట. రెండు క్యామ్ చక్రాల నట్లు ఎడమ మర, అంటే ఎదురు దిక్కులో తిప్పితేనే వదులవుతాయి. మధ్యలోని క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) నట్టు మామూలు మర. ఇది తెలియక బలం పెట్టినవాళ్ల పానా గుర్తులు నా నట్ల మీద ఇప్పటికీ ఉన్నాయి.

వేడి గురించి. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే ఇంజను కేసులోని బేరింగును కొట్టి తీయడం కన్నా కేసును వేడిచేయడం మేలు. నేను పాత కరెంటు హాట్‌ప్లేటు ఒకటి ఇందుకే పెట్టుకున్నాను. కేసును దానిమీద బోర్లించి, అప్పుడప్పుడు వేలితో నీళ్లు చిలకరిస్తాను. దోసెల పెనం మీద చిలకరించినట్టే చుయ్యిమని చుక్క గంతులేస్తే చాలు, కేసును చెక్క మీద ఒక్కసారి తడితే బేరింగు దానంతటదే పడిపోతుంది. హీట్ గన్ కూడా కొన్నాను, చిన్న స్టడ్లకు (తల లేని బోల్టులకు) బాగానే ఉంది గాని పెద్ద కేసుకు వేడి ఒక పక్కకే పోతుంది. గ్యాస్ మంట మాత్రం అల్యూమినియం దగ్గరికి తీసుకెళ్లను.

ఈజీ అవుట్ అని అమ్మే విరిగిన స్టడ్లు తీసే పిన్నులు కొనవద్దనే నా సలహా. ఇంజను పైనుండే రాకర్ బాక్సు స్టడ్డు ఒకటి విరిగితే డ్రిల్లు పెట్టి, ఆ పిన్ను దించి తిప్పాను. పిన్ను లోపలే విరిగింది. అది గట్టి ఉక్కు, ఇక దాన్ని ఏ డ్రిల్లూ తినదు. హెడ్డు తీసుకెళ్లి స్పార్క్‌తో కరిగించి తీసేవాళ్ల దగ్గర ఇస్తే, ఆ పిన్నుల సెట్టు ధరకు ఎన్నో రెట్లు అయింది. ఆ తర్వాత విరిగిన రెండు స్టడ్లకూ మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించాను. వెల్డింగ్ వేడికి మర వదులై, పానాకు సులువుగా తిరిగి వచ్చేశాయి.

మూడో శీతాకాలం మొత్తం ఇంజను విప్పింది ఒక్క చిన్న గొట్టం కోసం. ఈ ఇంజనుకు కాగితం ఫిల్టరు ఉండదు, జల్లెడలు మాత్రమే. సన్న మడ్డి అంతా తిరిగే క్రాంకు లోపలి గొట్టంలో చేరి పేరుకుంటుంది, దాన్నే స్లడ్జ్ ట్రాప్ అంటారు. అది నిండితే క్రాంకు బేరింగులకు ఆయిల్ అందదు. బయట ఎంత మెరిసే బండైనా ఇది శుభ్రం చేశారో లేదో తెలియకపోతే నేను దూరం నడపను.

గొట్టాన్ని మూసే బిరడాకు గాడి ఉంటుంది, ఊడిపోకుండా అంచున పంచ్ గుర్తు కొట్టి ఉంటుంది. ముందు ఆ గుర్తును సన్న డ్రిల్లుతో తినేయాలి. ఫ్లైవీల్ (క్రాంకు మీది బరువైన చక్రం) బోల్టు ఒకటి ఆ గొట్టంలోకి దిగి పట్టుకుని ఉంటుంది, దాన్నీ తీయాలి. నేను అక్కడ వేడిచేసి, గాడికి సరిగ్గా పట్టే వెడల్పాటి బిట్టు అదే ఇంపాక్ట్ డ్రైవర్‌కు పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే బిరడా తిరిగింది. గొట్టం మాత్రం రాలేదు. దాని లోపల మర కోసి, బోల్టు బిగించి, వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి లాగాను.

లోపల కాటుక ఎండి గట్టిపడినట్టు నల్లటి మడ్డి. వేలితో గీరితే పొరలు పొరలుగా వచ్చింది, మధ్యలో పెన్సిలు పట్టేంత దారి మిగిలి ఉంది. ఆ గొట్టాన్ని దీపం వెలుగులో పట్టుకుని చూసినప్పుడు నా గుండె దడదడలాడింది. అప్పటికే ఆ బండి మీద వేల్స్ దాకా వెళ్లొచ్చాను. తిరిగి పెట్టేటప్పుడు గొట్టం మీది రంధ్రం ఫ్లైవీల్ బోల్టుకు ఎదురుగా రావాలి, తప్పితే బోల్టు కూర్చోదు.

పట్టేసిన మరల్లోకి చొచ్చుకుపోయే నూనెల గురించి చాలామంది అడుగుతారు. వాటిలో ప్లస్ గ్యాస్ అనే నూనె నాకు బాగానే పనిచేసింది. కానీ వేసి ఐదు నిమిషాలకే పానా పట్టుకుంటే ఏ నూనే పనిచేయదు. సాయంత్రం వేసి మర్నాడు చూడాలి. ఎగ్జాస్ట్ దగ్గరి వాటికి మూడు రోజులు వరసగా వేస్తాను.

ఇప్పటికీ నా దగ్గర సరైన పనిముట్టు లేనిది గేర్‌బాక్స్ స్ప్రాకెట్ నట్టుకు. క్లచ్ తీశాక వెనక గుండ్రటి మూత ఒకటి విప్పితే కనిపించే పెద్ద నట్టు అది. పాత యజమాని ఉలితో తిప్పిన గుర్తులు మూడు మూలల మీద ఉన్నాయి. పోయినసారి క్లబ్బులో ఒక పెద్దాయన తన సాకెట్ అరువిస్తే పని జరిగింది. కొత్త నట్టు, మడిచే వాషరు తెప్పించి పెట్టుకున్నాను. సాకెట్ కోసం ఏప్రిల్‌లో మళ్లీ స్టాఫర్డ్ వెళ్తాను, పాత నట్టును కొలతకు జేబులో వేసుకుని.