విండ్‌షీల్డ్ రెసిన్ కొనేవాళ్లకి జాగ్రత్త: సీసాలు మార్చి అమ్ముతున్నారు

కారు ముందు అద్దం మీద రాయి దెబ్బలు పూడ్చే పనిలో ఉన్నవాళ్లూ, ఆన్‌లైన్లో కిట్ తెప్పించుకుని ఇంటి దగ్గర సొంతంగా చేసుకునేవాళ్లూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. పెద్ద డబ్బాల్లో వచ్చిన రెసిన్‌ని, అంటే ఆ దెబ్బల్లో నింపి గట్టిపరిచే ద్రవాన్ని, చిన్న డ్రాపర్ సీసాల్లోకి వంచి, పైన ఒక స్టిక్కర్ అంటించి, విండ్‌షీల్డ్ రెసిన్ పేరుతో సగం ధరకే అమ్ముతున్నారు. ఆ సరుకు నా చేతికి వచ్చింది. పాత అద్దాల మీద వేసి చూశాను. కస్టమర్ బండికి వాడదగ్గది కాదు.

నేను విజయవాడ ఆటోనగర్లో అద్దాల పని చేస్తాను. అటు హైదరాబాద్ రోడ్డు, ఇటు చెన్నై-కోల్‌కతా హైవే. రెండిటి మీదా పట్టా కప్పని కంకర టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి రాయి తగిలిన బండ్లకి మాకు కొదవ ఉండదు. నాకు ఈ సరుకు పంపిన డీలర్ దగ్గర ఇంతకుముందు కంపెనీ సీలుతో నల్ల సీసాలు వచ్చేవి. వాటితో పనికి ఏ లోటూ రాలేదు. ఈసారి ఫోన్లో పంపిన ఫొటోలో అవే నల్ల సీసాలు ఉన్నాయి, పార్సిల్ విప్పితే మాత్రం వెలుగులో పెడితే లోపలి ద్రవం కనిపించే పాలరంగు ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి. కొన్నిటికి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టారు, కొన్నిటికి అదీ లేదు. స్టిక్కర్ మీద సరుకు పేరు, 30 మిల్లీలీటర్లు అన్న ముక్క తప్ప బ్యాచ్ నంబరు లేదు, తయారైన నెల లేదు, ఎవరు నింపారో లేదు.

ఫోన్ చేస్తే, "ఏం కాదన్నా, మాల్ అదే, సీసా ఒక్కటే మారింది. పెద్ద క్యాన్లలో తెప్పించి ఇక్కడే నింపుతున్నాం, అందుకే ఈ రేటుకి ఇవ్వగలుగుతున్నాం" అన్నాడు. వేరే సరుకు సంగతేమో గానీ, ఈ రెసిన్‌కి సీసా మారడం చిన్న విషయం కాదు.

ఇది అక్రిలిక్ జాతి ద్రవం. వెలుగులోని యూవీ కిరణాలు తగిలితే గట్టిపడేలా అందులో ఒక రసాయనం కలుపుతారు. దాన్ని గట్టిపరచడానికి మనం వాడే యూవీ ల్యాంపుల్లో చాలావాటి వెలుగు 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. ఆ కిరణాలు ఎండలోనూ ఉన్నాయి కాబట్టి ల్యాంపు లేకపోయినా ఎండలో నిమిషాల్లో బిగుసుకుంటుంది. ల్యాంపు కింద జరగాల్సిన ఆ పని సీసాలోనే మొదలైపోకూడదనే కంపెనీ నల్ల సీసాలో ఇస్తుంది. షట్టర్ ఎత్తిన షాపులో, పగటి వెలుగులో క్యాన్ మూత తీసి, గరాటు పెట్టి సీసాల్లోకి వంచుతూ కూర్చుంటే అక్కడే సగం పని మొదలవుతుంది. కంటికి మాత్రం ద్రవంలాగే కనిపిస్తుంది. లోపల అణువులు గొలుసులు కట్టడం మొదలెట్టాక చిక్కబడుతుంది, సన్నటి నెర్రెల్లోకి దిగదు. పైగా రేకుల షెడ్డు గోడౌన్లో మే నెల వేడికి నిలవ ఉన్న సరుకైతే ఇంకా తొందరగా పాడవుతుంది.

గాలి సంగతి చాలామందికి తెలియదు. ఈ రకం రెసిన్ నిలవలో గట్టిపడకుండా కాపాడే నిరోధకం పనిచేయాలంటే కొంచెం ఆక్సిజన్ అందుతూ ఉండాలి. అందుకని మంచి సీసాని మూత దాకా నింపరు, పైన ఖాళీ వదులుతారు. కంపెనీ సీసాలో తక్కువ పోశారని అనుమానపడకండి, స్టిక్కర్ మీద రాసిన కొలత చూసుకోండి చాలు. నాకొచ్చిన నకిలీ సీసాలు మాత్రం గొంతు దాకా నిండి ఉన్నాయి. ఎక్కువ ఇచ్చారని సంతోషించే విషయం కాదది.

ఆ సీసాల్లో నేను గమనించినవి చెబుతాను. డ్రాపర్ నొక్కితే చుక్క తెగి పడలేదు, తీగలా సాగింది. ముక్కు దగ్గర ఇసుక రేణువుల్లాంటి పలుకులు చేతికి తగిలాయి. పాత సీసాలోని రెసిన్ చుక్కనీ దీన్నీ పక్కపక్కన అద్దం ముక్క మీద వేసి వాలుగా పట్టుకుంటే పాతది జారిపోయింది, ఇది మెల్లగా పాకింది. తుక్కు షాపులో దొరికే పాత విండ్‌షీల్డ్ మీద పంచ్‌తో కొట్టి దెబ్బ చేసి, ఇంజెక్టర్ (రెసిన్‌ని ఒత్తిడితో దెబ్బలోకి ఎక్కించే పరికరం) పెట్టి నింపితే మధ్య గుంట నిండింది గానీ నక్షత్రంలా పాకిన కాళ్ల చివర్లు తెల్లగా మిగిలిపోయాయి. ఎన్నిసార్లు ఒత్తిడి, వాక్యూమ్ మార్చి మార్చి ఇచ్చినా కదల్లేదు. ల్యాంపు కింద పూర్తి సమయం ఉంచాక బ్లేడుతో గీకితే పైన పొర రబ్బరు ముద్దలా మొత్తంగా లేచి వచ్చింది. ఆ అద్దాన్ని షాపు మీద ఎండలో పెట్టి వదిలేస్తే కొన్ని వారాల్లో పూడ్చిన చోటు పసుపుపచ్చగా తిరిగింది. పక్కనే పాత రెసిన్‌తో పూడ్చిన దెబ్బ ఇప్పటికీ రంగు మారకుండా పారదర్శకంగానే ఉంది.

నా దగ్గర తుక్కు అద్దంతో పోయింది. ఇదే సరుకు తీసుకున్న ఇంకో షాపు తమ్ముడు మాత్రం కస్టమర్ బండికి వాడేశాడు. వర్షం సెన్సార్ ఉన్న కారు, అంటే అద్దం ఖరీదైనది. పూడ్చిన చోటు నుంచే నెర్రె బారి డ్రైవర్ వైపు దాకా పాకింది. కొత్త అద్దం ఖర్చు అతనే పెట్టుకున్నాడు. చిన్న దెబ్బ పూడ్చితే వచ్చే కూలి ఎంతో, కొత్త అద్దం ఎంతో ఈ పనిలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడి పనిలో ఏ లోపమూ లేదు. డ్రిల్లు దగ్గర నుంచి ల్యాంపు దాకా అన్నీ సరిగ్గా చేశాడు. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

ఈ పనిలో రెసిన్‌ది రెండో అవకాశం లేని వ్యవహారం. ముందు అద్దం అంటే రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ముందు అద్దం ఇలా ల్యామినేట్ చేసిందే ఉండాలంటుంది. మనం పూడ్చేది బయటి పలకకి తగిలిన దెబ్బనే. దెబ్బ తెల్లగా మెరిసేది లోపల చేరిన గాలి వల్ల. గాజు వక్రీభవన గుణకం (వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.52, గాలిది 1. ఆ గాలిని లాగేసి ఈ గుణకం గాజుకి దగ్గరగా ఉండే రెసిన్ నింపితే మచ్చ దాదాపు కనిపించకుండా పోతుంది, నెర్రె అక్కడే ఆగుతుంది. అదే చోట పాడైన రెసిన్ సగం దిగి గట్టిపడిందనుకోండి, గాజుకీ లోపలి పొరకీ దెబ్బ తగలకుండా దాన్ని మళ్లీ పూర్తిగా బయటికి తీయడం కుదరదు. తర్వాత ఎంత మంచి రెసిన్ తెచ్చినా వెళ్లడానికి దారి మూసుకుపోయి ఉంటుంది. కొంతమంది ఇళ్లలో సూపర్ గ్లూ రాసి తెస్తారు, అక్కడా ఇదే చిక్కు.

డ్రైవర్ కళ్లెదుట పడే చోటైతే మరీ ప్రమాదం. బ్రిటన్‌లో బండ్ల తనిఖీకి వెళ్తే స్టీరింగ్ ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో 10 మిల్లీమీటర్లు దాటిన దెబ్బ ఉంటే బండిని పాస్ చేయరు. అంత చిన్న మచ్చని కూడా ఎందుకు పట్టించుకుంటారో రాత్రి పూట ఎదురు బండి హైబీమ్ మీద వస్తున్నప్పుడు చూస్తే తెలుస్తుంది. పసుపు తిరిగిన పూడిక చుట్టూ వెలుగు చిమ్మినట్టు చెదిరిపోతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, సీసా నల్లగా ఉందా, సీలు ఉందా, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు ముద్రించి ఉన్నాయా అన్నది మొదట. 2011 నాటి ప్యాకేజ్డ్ కమాడిటీస్ నియమాల ప్రకారం ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారుచేసిన లేదా నింపిన లేదా దిగుమతి చేసిన వాళ్ల పేరు, చిరునామా, నికర పరిమాణం, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలి. విదేశీ సరుకైతే ఏ దేశానిదో కూడా ఉండాలి. రెసిన్ చిక్కదనం ఎంతో, ఏ తరంగదైర్ఘ్యానికి గట్టిపడుతుందో తెలిపే డేటా షీట్, సేఫ్టీ షీట్ అడగండి. అసలు డీలర్ వెంటనే పంపుతాడు. వాట్సాప్‌లో "అది యూనివర్సల్ అన్నా, అన్నిటికీ పనిచేస్తుంది" అంటే అక్కడే ఆగిపోండి. నెర్రెకి వాడే పల్చటి రెసిన్ వేరు, గుంట పైన నింపే చిక్కటి రెసిన్ వేరు. ఒకే సీసా రెండిటికీ సరిపోదు.

సీసా వచ్చాక కస్టమర్ అద్దం మీదికి పోకముందే ఓ చుక్క రెండు చిన్న గాజు ముక్కల మధ్య వేసి ల్యాంపు పెట్టండి. అతుక్కున్నాక చేత్తో లాగితే రాకూడదు, మధ్యలో మబ్బు పట్టినట్టు ఉండకూడదు. ఇంత చిన్న పరీక్షకి ఒప్పుకోని డీలర్ దగ్గర కొనకపోయినా నష్టం లేదు. ఒక్క సంగతి, పరీక్ష తప్పితే ముందు మీ ల్యాంపు చూసుకోండి. నోట్లు చూసే ఊదారంగు టార్చిలు చాలావరకు 395 నానోమీటర్లవి. కొన్ని రెసిన్లు వాటికి సరిగ్గా గట్టిపడవు, పైన జిగటగా మిగిలిపోతాయి. గాలి తగిలినా పై పొర గట్టిపడదు, అందుకే గుంట మీద పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు ముక్క కప్పమనేది.

మంచి సరుకుని కూడా షాపులో పాడుచేసే అలవాట్లు కొన్ని చూస్తుంటాను. ఇంజెక్టర్లో మిగిలిన చుక్కలు మళ్లీ సీసాలో పోయకండి. వాటికి వెలుగు తగిలింది, గాజు పొడి కలిసింది, మిగతా సీసా మొత్తం చెడుతుంది. మూత తీసిన సీసాని బానెట్ మీద పెట్టి పని చేయకండి. షాపు లోపలి వైపు, నీడలో కావాల్సిన చుక్కలు వేసుకుని వెంటనే మూత బిగించండి. సీసాని ఊపకండి, బుడగలు వస్తే ఆ బుడగలే దెబ్బలోకి పోతాయి. ఫ్రిజ్‌లో ఉంచిన సీసా అయితే చల్లదనం పూర్తిగా పోయాకే మూత తీయండి, లేకపోతే తేమ పడుతుంది. ఎండలో నిలబడి వచ్చిన కారుని ముందు నీడలో చల్లారనివ్వండి. వేడి అద్దం మీద రెసిన్ మరీ పల్చబడి కారిపోతుంది, ఒత్తిడికి నెర్రె పాకే ప్రమాదమూ ఉంది. నీళ్లు కొట్టి చల్లార్చడం మాత్రం వద్దే వద్దు.

చేతుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలా వివరాల్లేని స్టిక్కర్ అంటించిన సీసా మీద హెచ్చరిక కూడా ఉండదు. అక్రిలేట్లు చర్మానికి పడితే అలర్జీ తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పట్టిందంటే జీవితాంతం ఉండిపోవచ్చు. అదే జాతి పదార్థాలు పళ్లకి వేసే ఫిల్లింగుల్లోనూ, జెల్ గోళ్లరంగుల్లోనూ ఉంటాయి కాబట్టి అక్కడా ఇబ్బంది పడతారు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. వాటిలోంచి కూడా కాసేపటికి లోపలికి దిగుతుంది, కాబట్టి రెసిన్ అంటిన జత వెంటనే మార్చేయండి. చర్మం మీద పడితే థిన్నర్‌తో తుడవద్దు, ముందు పొడి గుడ్డతో అద్ది తీసి, సబ్బుతో కడగండి. ల్యాంపు వెలిగినప్పుడు యూవీ కళ్లద్దాలు తప్పనిసరి. షాపులో పని నేర్చుకుంటున్న పిల్లలకి ఇవి మనమే చెప్పాలి.

ఆ డీలర్ సరుకు వాపసు తీసుకోనన్నాడు. సీల్ విప్పారు కదా అంటాడు. అసలు సీలే లేని సీసాలవి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీ దగ్గరా ఇలాంటి సరుకు ఉంటే పారేయకండి. బిల్లు, ఫోన్లో పంపిన ఫొటో, వచ్చిన సీసా ఫొటో, డబ్బు పంపిన రసీదు అన్నీ దాచండి. ఒక్కో సీసా అలాగే మూతపెట్టి ఉంచండి. ఫిర్యాదు పని అయిపోయాక మిగిలిన రెసిన్‌ని కాలువలో పోయొద్దు. పాత ట్రేలో పల్చగా పరిచి ఎండలో గట్టిపడ్డాక చెత్తలో వేయండి. పైన జిగట ఉంటుంది, గ్లౌజులతోనే తీయండి. నాకొచ్చిన సీసాల ఫొటోలు, స్టిక్కర్ ఫొటో కావాల్సినవాళ్లు అడగండి, పంపుతాను.