అండర్‌బాడీ కోటింగ్‌కి పెట్టే డబ్బు: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ దండగ

కొత్త కారు బిల్లులో ఇన్సూరెన్స్ కింద, మ్యాట్ల పైన ఎక్కడో ఒక లైను ఉంటుంది: 'యాంటీ రస్ట్ ట్రీట్‌మెంట్'. బయట డీటెయిలింగ్ షాపుల్లోనూ ఇదే పని దొరుకుతుంది. బండి సైజునీ ఊరినీ బట్టి మూడు వేల నుంచి ఏడెనిమిది వేల దాకా తీసుకుంటారు. పేరేదైనా చేసేది ఒకటే. కారుని లిఫ్టు ఎక్కించి, అడుగున రబ్బరు కలిసిన తారులాంటి నల్ల పూత కొడతారు. లిఫ్టు దిగేలోపు కిందికి వంగి చూస్తే నిగనిగలాడుతూ ఉంటుంది, ఇచ్చిన డబ్బుకి తృప్తి కలుగుతుంది. ఆ పూత చెడ్డదేమీ కాదు. కానీ కారుని తినేసే తుప్పు చాలావరకు అది పడని చోట పుడుతుంది.

ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటు పెట్టి పూత ఎక్కిస్తారు. ఆ పొర మందం దాదాపు 20 మైక్రాన్లు. చక్రాల ఆర్చీల్లో, అతుకుల మీద పీవీసీ పూత కూడా ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. అంటే బయటికి కనిపించే అడుగు భాగానికి రక్షణ ముందే కొంత ఉంది. బలహీనమైన చోట్లు వేరు: డోరు కింది అంచు (బయటి రేకుని లోపలి రేకు మీదికి మడిచే చోటు), డోర్ల కింద పొడవుగా ఉండే రన్నింగ్ బోర్డు పెట్టె, డిక్కీ మూత మడత, స్టెప్నీ గుంట. స్టెప్నీ గుంట తప్ప మిగతావన్నీ లోపల డొల్లగా ఉండే భాగాలు. అద్దం మీద పడిన వాన బీడింగ్ పక్కనుంచి డోర్లోకి దిగి, కింద ఉండే చిన్న కన్నాల్లోంచి బయటికి పోవాలి. ఆ కన్నాల్లో దుమ్ము పేరుకుంటే నీళ్లు మడతలో నిలుస్తాయి. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మడత ఉబ్బి, పెయింటు పొక్కుతుంది. డోరు అంచున బయట పొక్కు కనిపించిందంటే అది బయట మొదలైన జబ్బు కాదు, లోపల ముదిరి పైకి తేలింది. ఆ పొక్కుని గీకి, లప్పం పెట్టి, రంగు వేయిస్తే రెండో వానాకాలం కూడా దాటదు.

సముద్రం పక్కన ఉప్పు దీనికి తోడవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే తేమ పీల్చుకుని కరుగుతుంది. వాన పడకపోయినా రేకు మీద పల్చటి ఉప్పునీటి పొర నిలుస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో, భీమిలిలో రాత్రిళ్లు ఆరుబయట నిలిపే కార్లకీ, అలలు రోడ్డెక్కే కాకినాడ-ఉప్పాడ దారిలో తిరిగే వాటికీ ఈ ట్రీట్‌మెంట్ నిజంగా అవసరం. ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీల వెనకాల నడిచే బండ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. హైదరాబాదులో, వరంగల్లో షెడ్డులో ఉండే కారుకి షోరూం ప్యాకేజీ వద్దనే చెబుతాం. అక్కడ డ్రెయిన్ కన్నాలు శుభ్రంగా ఉంచుకుంటే చాలు.

ఇక నల్ల పూత సంగతి. రాళ్ల దెబ్బ తట్టుకోవడానికి, కింది నుంచి వచ్చే చప్పుడు తగ్గడానికి ఇది బాగానే పనిచేస్తుంది. చిన్న కారుకి లీటరు డబ్బాలు మూడో నాలుగో, పెద్ద ఎస్‌యూవీకి ఐదారు పడతాయి. ఒక్క డబ్బాతో ముగించారంటే కొట్టింది పూత కాదు, రంగు. గొడవంతా పూతకి ముందు చేసే పనిలో ఉంది. అడుగు భాగం ప్రెషర్ వాటర్‌తో కడిగి, గ్రీజు పోయేలా డీగ్రీజర్ వేసి, పూర్తిగా ఆరనివ్వాలి. అతుకుల్లో తడి ఆరడానికి ఎండాకాలంలోనే ఒక పూట పడుతుంది, వానాకాలంలో రోజు పైనే. పొద్దున బండి ఇస్తే మధ్యాహ్నానికి తెచ్చేసుకోవచ్చనే షాపులో ఈ ఆరబెట్టడం జరగడం లేదు. తడి మీద, మట్టి మీద కొట్టిన పూత అంచుల్లో లేస్తుంది. రెండు మూడేళ్లకి గట్టిపడి చిట్లితే ఆ సందుల్లోంచి నీళ్లు వెనక్కి చేరతాయి, ఇక బయటికి రావు. పైన నల్లగా నున్నగా, లోపల రేకు పొరలు పొరలుగా. పాత పూత ఉన్న కారుని చూసేటప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టినది డొల్లగా పలుకుతుంది.

కొట్టకూడని చోట కొట్టడం ఇంకో పెద్ద తప్పు. సైలెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ (ఇంజను పొగని శుద్ధి చేసే డబ్బా), దాని వేడికవచాల మీద పడితే వారం రోజులు కాలిన వాసన వస్తుంది, మందంగా పడితే అంటుకునే ప్రమాదమూ ఉంది. బ్రేకు డిస్కులు, క్యాలిపర్లు, ఏబీఎస్ సెన్సర్లు, హ్యాండ్‌బ్రేకు కేబుళ్లు, షాక్ అబ్జార్బర్ రాడ్లు, యాక్సిల్ రబ్బరు బూట్లు, సస్పెన్షన్ బుష్‌లు: వీటన్నిటికీ ముందే కాగితం, టేపు చుట్టాలి. చక్రాలు విప్పకుండా ఆర్చీల్లో సరిగ్గా కొట్టడం కుదరదు. అన్నిటికన్నా మించిన పొరపాటు రన్నింగ్ బోర్డు కింద ఉండే డ్రెయిన్ కన్నాలు పూతతో మూసుకుపోవడం. అప్పుడు తుప్పు ఆపడానికి డబ్బిచ్చి నీళ్లు నిలవ చేయించుకున్నట్టే. పని అయ్యాక బండి దించకముందే టార్చి వేసి ప్రతి కన్నంలోనూ సన్నటి తీగ దూర్చి చూసుకోండి. గన్నుకి నాలుగైదు బార్ ప్రెషర్, రెండు పల్చటి కోట్లు, మధ్యలో ఆరడానికి సమయం. ఒకేసారి మందంగా కొడితే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. షాపుల్ని అడగాల్సిన ప్రశ్న ఏ కంపెనీ మందు అని కాదు, చక్రాలు విప్పుతారా, ఎంతసేపు ఆరబెడతారు అని.

మా లెక్కలో ముందు మార్కులు క్యావిటీ వ్యాక్స్‌కి. ఇది పల్చటి మైనం లాంటి ద్రవం. స్ప్రే డబ్బాకి మీటరు దాకా పొడవుండే సన్నటి గొట్టం, దాని చివర అన్ని వైపులా చిమ్మే నాజిల్ వస్తాయి. డొల్ల భాగాల్లోకి గొట్టం దూర్చి, నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగాలి. ద్రవం అతుకుల సందుల్లోకి పాకుతుంది, తర్వాత చిక్కబడి మెత్తటి పొరగా నిలుస్తుంది. గట్టిపడి చిట్లే బెడద లేదు. నాలుగు డోర్లు, రెండు రన్నింగ్ బోర్డులు, డిక్కీ, బానెట్ అంచులకి కలిపి అర లీటరు డబ్బాలు రెండు మూడు సరిపోతాయి. రేకుకి కొత్తగా కన్నం వెయ్యక్కర్లేదు. డ్రెయిన్ కన్నాలు, డోరు లోపలి ట్రిమ్ వెనక ఖాళీలు, రబ్బరు మూతలు ఉన్న కన్నాలు చాలు. డ్రిల్లు పట్టుకుని వచ్చే మెకానిక్‌ని అక్కడే ఆపండి. పచ్చి రేకు బయటపడటమే కాదు, కంపెనీ వారంటీకి కూడా అడ్డు తగులుతుంది. డోరు లోపల కొట్టేటప్పుడు అద్దం పూర్తిగా పైకెత్తి ఉంచాలి, స్పీకర్ మీద, లాకు మోటారు మీద పడకుండా చూడాలి. అదనపు మైనం ఒక రోజంతా కింద కారుతుంది, కాబట్టి టైల్స్ వేసిన పార్కింగులో ఆ రాత్రి అట్టముక్క పరవడం మంచిది. కారడం ఆగాక కన్నాలు తెరుచుకుని ఉన్నాయో లేదో మళ్లీ తీగతో చూడాలి. రెండు మూడేళ్లకొకసారి పల్చగా ఇంకో విడత వేస్తే తీరప్రాంతపు కారుకి కూడా సరిపోతుంది. విచిత్రమేమంటే చాలా షోరూం ప్యాకేజీల్లో ఈ పని ఉండదు. కనిపించని పనికి డబ్బు అడగడం కష్టం మరి.

తుప్పు ఇప్పటికే పట్టిందా? అప్పుడు రస్ట్ కన్వర్టర్ అమ్ముతారు. ఇవి రెండు రకాలు. ఫాస్ఫారిక్ యాసిడ్ రకం తుప్పుని ఇనుప ఫాస్ఫేట్‌గా, ట్యానిక్ యాసిడ్ రకం నల్లటి ట్యానేట్‌గా మారుస్తాయి. రెండూ రేకుని గట్టిగా పట్టుకుని ఉన్న పల్చటి తుప్పు మీదే పనిచేస్తాయి. పెచ్చులు లేచే తుప్పు మీద రాస్తే పై పొర నల్లబడుతుంది, కింద పని సాగుతూనే ఉంటుంది. 'గీకక్కర్లేదు, రాస్తే చాలు' అని రాసున్న డబ్బాని షెల్ఫు మీదే వదిలెయ్యండి.

రాయి తగిలి పెయింటు లేచిన చోట, రూపాయి బిళ్లంత తుప్పుకి వరస ఇది. షాంపూతో కడిగి ఆరబెట్టి, చుట్టూ టేపు వెయ్యాలి. 80 నంబరు ఎమరీ కాగితంతో మెరిసే రేకు కనపడేదాకా రుద్దాలి. తర్వాత 180, ఆపైన 320తో పెయింటు అంచు వేలికి తగలకుండా పల్చబరచాలి. అంచు దగ్గర నల్ల గీత ఏమైనా మిగిలితే పెయింటు కింద తుప్పు ఇంకా పాకుతోందని అర్థం, ఇంకాస్త తెరవాలి. గుంటల్లో మిగిలిన నల్ల చుక్కలకి మాత్రమే బ్రష్షుతో కన్వర్టర్. యాసిడ్ రకమైతే డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాలి. ఆ అడుగు దాటేస్తే ప్రైమర్ పొరలా ఊడొస్తుంది. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. కొన్ని ఎపాక్సీలు యాసిడ్ తగిలిన రేకు మీద పట్టవు, కాబట్టి రెండు డబ్బాల మీదా సూచనలు చదివి జత కలపాలి. లప్పం అవసరమైతే ఎపాక్సీ మీదే వెయ్యాలి. పచ్చి రేకు మీద పెడితే లప్పం తేమ పీల్చి కిందికి దింపుతుంది, మన దగ్గర టింకరింగ్ షెడ్లలో చేసిన పనులు పొక్కడానికి పెద్ద కారణం ఇదే. ఆ పైన రంగు, క్లియర్ కోట్. రంగు కోడ్ చాలా కార్లలో డోరు పిల్లర్ మీది స్టిక్కర్‌పై ఉంటుంది. ఈ పని వాన ముసురులో పెట్టుకోవద్దు. తేమ 85 శాతం దాటిన రోజు రేకు మీద కంటికి కనిపించని తడి ఉంటుంది.

జింక్ ప్రైమర్ మంచి సరుకే, చాలామంది వాడే తీరు తప్పు. జింక్ తాను ముందు కరుగుతూ ఇనుముని కాపాడాలంటే దానికి శుభ్రమైన రేకు నేరుగా తగలాలి. కన్వర్టర్ పొర మీద, పాత పెయింటు మీద కొడితే అది ఖరీదైన బూడిదరంగు పెయింటు, అంతే. అతుకుల్లో సీలెంట్ పెట్టాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చే బాత్రూం సిలికాన్ వాడొద్దు, అందులోంచి వచ్చే ఆమ్లమే రేకుని తింటుంది. పాలీయురితేన్ సీమ్ సీలర్ అడగండి.

విప్పి ముంచగలిగే బ్రాకెట్లు, నట్లు, జాకీ ముక్కలకి ఖరీదైన మందు అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకి 50 నుంచి 100 గ్రాములు కలిపి ఒక రాత్రి ఉంచితే చాలు. తీశాక కడిగి, వంటసోడా నీళ్లలో ముంచి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, లేదంటే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. స్ప్రింగులు, హై టెన్సైల్ బోల్టులు (ఎక్కువ బలం కోసం చేసిన గట్టి ఉక్కువి) మాత్రం ఆమ్లంలో వెయ్యకూడదు. హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కి విరుగుతాయి.

డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట. 1953లో అమెరికాలో క్షిపణుల రేకుల మీద నీటిని తోసెయ్యడానికి పుట్టిన మందు ఇది, ఇప్పటికీ ఆ పనికే బాగుంటుంది. బిగుసుకున్న బోల్టుకి సరే, బాడీ రేకుకి రక్షణగా మాత్రం వారాలు కూడా నిలవదు. బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ రస్ట్ ప్రొటెక్టర్లకి సున్నా మార్కులు. సముద్రంలో మునిగి ఉన్న ఓడకి కరెంటు రక్షణ పనిచేస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉప్పునీరు ఉంది. గాలిలో ఉన్న కారులో ఆ వలయం పూర్తికాదు.

మిషిగన్, ఒహాయో లాంటి మంచు రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ల కథ వేరే. అక్కడ రోడ్డు మీదే ఉప్పు చల్లుతారు కాబట్టి ఆరని పల్చటి నూనె గానీ, గొర్రె ఉన్ని కొవ్వుతో చేసిన మందు గానీ ఏటా చలికాలం ముందు అడుగంతా కొట్టించుకోవడం మేలు. నల్ల పూత అక్కడ ఇంకా త్వరగా చిట్లుతుంది.

ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ పెట్టె మీద, హై వోల్టేజీ కరెంటు పోయే నారింజ రంగు కేబుళ్ల మీద ఏ పూతా కొట్టించొద్దు. కంపెనీ సర్వీసు వాళ్లు రాతపూర్వకంగా సరే అంటేనే మిగతా భాగానికి వెళ్లండి. మైనం పోయించిన ఏ కారునైనా తర్వాత ఎప్పుడైనా వెల్డింగుకి ఇవ్వాల్సి వస్తే టింకర్‌కి ముందే చెప్పాలి. రన్నింగ్ బోర్డు లోపలి మైనం వెల్డింగు టార్చి వేడికి అంటుకుంటుంది, పొగ వచ్చేదాకా బయటికి తెలియదు.