ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్ర ఇబ్బందులు: నెల్లూరులో ఒక ఆయుర్వేద వైద్యశాలలో మేము చూసినది

ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక మూత్రంలో మంట, ఉన్నట్టుండి ఆపుకోలేకపోవడం, చుక్కలు చుక్కలుగా కారడం వంటి ఇబ్బందులు తగ్గక ఆయుర్వేదం వైపు చూసే పెద్దవాళ్లు మన జిల్లాలో చాలామందే ఉన్నారు. మా నాన్నగారిని నెల్లూరులో తీసుకువెళ్లిన వైద్యశాల చిన్నదే. అక్కడి డాక్టరుగారు మందు రాయడానికి ముందు అడిగిన ప్రశ్నలూ, చూడాలని పట్టుబట్టిన కాగితాలూ ఆ వైద్యశాలకు అసలైన విలువ తెచ్చాయని నా అభిప్రాయం.

నాన్నగారికి జరిగినది టీయూఆర్‌పీ, అంటే మూత్రనాళం గుండా పరికరం పంపి, పెరిగిన ప్రోస్టేట్ గ్రంథిని లోపలి నుంచి చెక్కి తీసే ఆపరేషన్. పైన కోత కనబడదు కాబట్టి గాయమే లేదనుకుంటాం గానీ, లోపల పచ్చిగా ఉన్న చోటు మానడానికి వారాలు పడుతుంది. ఆ లోపు మంట, మూత్రానికి ఉన్నట్టుండి తొందర, అప్పుడప్పుడు మూత్రంలో ఎర్రదనం ఉండటం సహజమే. "మంట తగ్గలేదమ్మా, రేత్రిళ్లు నాలుగైదు తూర్లు లేస్తా ఉండా" అని నాన్నగారు చెప్పగానే డాక్టరుగారు చీటీ అందుకోలేదు. డిశ్చార్జి సమ్మరీ ఆసాంతం చదివి, "అయ్యా, మూత్రంలో క్రిములున్నాయేమో తేల్చే యూరిన్ కల్చర్ పరీక్ష చేయించి, మూత్రానికి వెళ్లాక మూత్రసంచిలో ఎంత మిగులుతోందో స్కానింగ్‌లో చూపించుకుని రండి, అవి చూడకుండా నేను కషాయం రాయను" అన్నారు. ఆపరేషన్ చేసిన యూరాలజిస్టుకు, అంటే మూత్రవ్యాధుల డాక్టరుకు ఇవ్వమని ఒక ఉత్తరం కూడా రాసి చేతిలో పెట్టారు.

ఈ పట్టుదలకు బలమైన కారణం ఉంది. పల్లేరు కాయలు, గలిజేరు వంటి మూలికలు మూత్రం ఎక్కువగా వచ్చేలా చేస్తాయని ఆయుర్వేదంలో వాడుక. ఆపరేషన్ తర్వాత మూత్రనాళం మచ్చకట్టి సన్నబడినా, మూత్రసంచి మెడ బిగుసుకున్నా, దారి మూసుకుపోతున్న సంచిలోకి ఇంకా మూత్రాన్ని తోలడం ప్రమాదకరం. అలా సన్నబడిన దారిని ఏ కషాయమూ తెరవలేదు, దానికి మళ్లీ సర్జన్ చెయ్యే కావాలి. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రం అనే భాగంలో 58వ అధ్యాయం మూత్రం అడ్డుపడే మూత్రాఘాతానికీ, 59వ అధ్యాయం నొప్పితో కష్టంగా వచ్చే మూత్రకృచ్ఛ్రానికీ వేర్వేరుగా కేటాయించి ఉన్నాయి. ఆ తేడా తేల్చుకోకుండా సీసాలు అంటగట్టేవారు ఆయుర్వేదానికే చెడ్డపేరు తెస్తున్నారు.

మా విషయంలో సంచిలో మూత్రం పెద్దగా మిగలడం లేదని స్కానింగ్‌లో తేలింది గానీ, కల్చర్‌లో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. యూరాలజిస్టు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. అది పూర్తయిన తర్వాతే ఆయుర్వేద డాక్టరుగారు బృహత్యాది కషాయం మొదలుపెట్టారు. పల్లేరుతో పాటు వాకుడు, ములక, శాలపర్ణి, పృశ్నిపర్ణి అనే ఐదు మూలికల వేళ్లతో, అంటే లఘుపంచమూలాలతో కాచే కషాయమది. పదిహేను మిల్లీలీటర్ల కషాయంలో అరవై మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, పొద్దున, సాయంత్రం భోజనానికి ముందు ఇవ్వమన్నారు. వాసన ఘాటు, రుచి చేదూ వగరూ కలగలిసినట్టుంటుంది; తాగాక నాన్నగారు కాసేపు మొహం చిట్లించుకునే ఉండేవారు. మూత్ర ఇబ్బందులకు ఆయుర్వేదంలో వాడే చంద్రప్రభావటి మాత్రలను మాత్రం ఆవిడ రాయలేదు. అందులో గుగ్గులు అనే చెట్టు జిగురు ఉంటుంది, నాన్నగారు గుండె కోసం రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు, ఆ రెండూ కలవడం మంచిది కాదని వివరంగా చెప్పారు. వేసుకునే ప్రతి మాత్ర పేరూ అడిగి రాసుకోవడం వల్లే ఆ సంగతి ఆవిడ దృష్టికి వచ్చింది.

మందుతో సమానంగా పనిచేసినది ఒక చిన్న నోటుపుస్తకం. ఎప్పుడు ఎంత నీరు తాగారు, ఎప్పుడు ఎంత మూత్రం పోశారు అని కొలజాడీతో కొలిచి రాయమన్నారు. అది చూస్తేనే సాయంత్రం పూట తాగే కాఫీకీ రాత్రి నిద్ర చెడటానికీ సంబంధం బయటపడింది. మూత్రాన్ని ఆపి పట్టే కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం కూడా ఓపికగా నేర్పించారు. కారం కొన్నాళ్లు తగ్గించమంటే చేపల పులుసు మీద ప్రాణం పెట్టుకున్న నాన్నగారికి కష్టమే అయింది గానీ, మాట విన్నారు.

ఇప్పుడు మంట లేదు, రాత్రి లేవడం బాగా తగ్గింది. అయితే మంట తగ్గడంలో ప్రధాన పాత్ర యాంటీబయాటిక్‌ది. టీయూఆర్‌పీ తర్వాతి తొందర చాలామందిలో రెండు మూడు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది కాబట్టి, మిగిలిన ఫలితమంతా కషాయం ఖాతాలో వేయడం నిజాయితీ కాదు. ఒంటికి నెమ్మది, మనసుకు ధైర్యం ఇచ్చిందని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

ఈ వైద్యశాలకు వెళ్లకముందు ఒక దుకాణంలో ప్రోస్టేట్‌ను కరిగించేస్తుందంటూ ఒక పొడి చూపించారు. డబ్బా మీద లైసెన్సు నంబరు గానీ బ్యాచ్ నంబరు గానీ లేదు. ప్రోస్టేట్ జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. ఈ వైద్యశాలలో ఇచ్చిన ప్రతి సీసా మీదా తయారీ లైసెన్సు, బ్యాచ్, గడువు తేదీ స్పష్టంగా ఉన్నాయి.

లోపం కూడా చెప్పాలి. మూత్రం ఆపుకోలేని రోగులు వచ్చే చోట మరుగుదొడ్డి భవనం వెనక, పట్టుకోవడానికి కమ్మీ లేని మెట్లు దిగి వెళ్లేలా ఉండటం సరికాదు. సాయంత్రం రద్దీలో ఎక్కువసేపు కూర్చోవలసి వస్తుంది కాబట్టి పెద్దవాళ్లను పొద్దున పూటే తీసుకువెళ్లడం మేలు. మూత్రం పూర్తిగా ఆగి పొత్తికడుపు ఉబ్బినా, రక్తపు గడ్డలు పడినా, చలితో జ్వరం వచ్చినా తమ దగ్గరికి రావద్దని, నేరుగా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లమని వాళ్లు చీటీ వెనక చేత్తో రాసి ఇస్తారు. ఆ చీటీని మేము ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాం.