లండన్‌కి కొత్తగా వస్తున్నవాళ్లకి: వాడిన ఆయిస్టర్ కార్డు ఎవరి దగ్గరా కొనకండి

లండన్‌కి చదువుకో ఉద్యోగానికో వస్తున్న మన తెలుగువాళ్లకి ఒక్క విషయం గట్టిగా చెప్పాలని రాస్తున్నాను. ఆయిస్టర్ అంటే ఇక్కడి బస్సుల్లో, ట్యూబ్‌లో (లండన్ మెట్రో) తిరగడానికి ముందుగా డబ్బు వేసుకుని వాడే కార్డు. "నా ఆయిస్టర్ కార్డులో ఇంత బ్యాలెన్స్ ఉంది, తక్కువకి ఇచ్చేస్తా" అని ఎవరైనా అంటే కొనకండి. తెలిసినవాళ్ల ఫ్రెండ్ అయినా, మన ఊరివాడే అయినా, మీ కళ్ల ముందే బ్యాలెన్స్ చూపించినా సరే. నేను అలా బ్యాలెన్స్ చూసుకునే కొన్నాను, అయినా రెండో రోజుకే డబ్బులు పోయాయి.

2023 సెప్టెంబర్‌లో వచ్చాను, ఈస్ట్ హామ్‌లో రూమ్. వచ్చిన మొదటి వారం ఎలా ఉంటుందో మీకు తెలుసు, పౌండ్ ఖర్చు పెట్టిన ప్రతిసారీ మనసులో వందతో గుణించుకుంటాం. కొత్త ఆయిస్టర్ కార్డుకి అప్పట్లో 7 పౌండ్లు, అదీ తిరిగిరాదు. అంటే లోపల ఒక్క పైసా వేయకముందే ఏడు వందల రూపాయల పైన ఖాళీ ప్లాస్టిక్‌కే. సరిగ్గా ఆ టైమ్‌లో ఒక వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: కోర్సు అయిపోయి ఇండియా వెళ్లిపోతున్నాను, ఆయిస్టర్‌లో 30 పౌండ్లు ఉన్నాయి, 22కి ఇస్తాను అని. ప్రెషర్ కుక్కర్, పరుపు, రైస్ బ్యాగు అమ్ముతున్న మెసేజ్‌ల మధ్యలో ఇది కూడా ఒకటి కాబట్టి ఏ అనుమానం రాలేదు.

శనివారం సాయంత్రం స్టేషన్ దగ్గర కలిశాం. తెలుగబ్బాయే, చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరే చెక్ చేసుకోండి బ్రో" అని కార్డు నా చేతికే ఇచ్చాడు. టికెట్ మెషిన్ మీద పసుపు రంగు రీడర్ ఉంటుంది కదా, దాని మీద పెట్టాను. స్క్రీన్ మీద 30 పౌండ్లు స్పష్టంగా కనిపించాయి. క్యాష్ ఇచ్చేశాను. ఆదివారం బస్సులో వెళ్లొచ్చాను, పోను ఒకటీ రాను ఒకటీ, 1.75 చొప్పున మూడున్నర పౌండ్లు కట్ అయ్యాయి. అంతా బాగానే ఉంది.

సోమవారం పొద్దున యూనివర్సిటీలో ఇండక్షన్. ఎనిమిదిన్నరకి స్టేషన్ ఎంత రద్దీగా ఉంటుందో చెప్పక్కర్లేదు. గేటు మీద కార్డు పెడితే ఎర్ర లైటు, చిన్న స్క్రీన్ మీద 'సీక్ అసిస్టెన్స్' అని, అంటే సిబ్బందిని అడగమని. మళ్లీ పెట్టాను, అదే. వెనకాల జనం ఆగిపోయారు, ఒకావిడ పక్క గేటుకి మారుతూ విసుక్కుంది. నాకు చెమటలు పట్టేశాయి. పక్కకి వచ్చి స్టేషన్ ఉద్యోగికి కార్డు ఇస్తే, ఆయన తన చేతిలో ఉన్న మెషిన్‌తో చూసి, ఇది స్టాప్ చేసిన కార్డు, పోయిందని రిపోర్ట్ చేశారు, ఇది నీ పేరు మీద ఉందా అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. కొన్నానని చెప్పాను. ఆయన కోప్పడలేదు, నా వైపు జాలిగా చూసి, కొత్తది మెషిన్ దగ్గర తీసుకో, తీసుకున్న రోజే నీ పేరు మీద రిజిస్టర్ చేసుకో అన్నారు. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే మొదటిసారి రింగ్ అయింది, ఆ తర్వాత నంబర్ బ్లాక్.

ఇక్కడ జరిగేది ఏంటో అర్థం చేసుకోండి, ఎందుకంటే ఇది తెలియకే మనవాళ్లు మోసపోతున్నారు. ఆయిస్టర్ కార్డుని లండన్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ఎవరి పేరు మీదైనా రిజిస్టర్ చేసుకోవచ్చు. అలా చేసుకున్నవాళ్లు కార్డు పోయిందని ఆన్‌లైన్‌లో చెబితే ఆ కార్డు ఆగిపోతుంది, లోపల మిగిలిన డబ్బు వాళ్ల ఇంకో కార్డుకి మారుతుంది, లేదా రీఫండ్‌గా వెనక్కి వెళ్తుంది. పోగొట్టుకున్నవాళ్లకి ఇది నిజంగా మంచి సౌకర్యం. కానీ అమ్మినవాడు ఇంటికి వెళ్లి అదే పని చేస్తే? మీ డబ్బూ వాడిదే, కార్డులో ఉన్న డబ్బూ వాడిదే. లేదంటే ఆ కార్డు ఎవరిదో బస్సులో పడిపోయినదై ఉండొచ్చు, అసలు మనిషి రెండు రోజులకి గుర్తొచ్చి రిపోర్ట్ చేసి ఉండొచ్చు. మీకు మాత్రం రెండింటిలోనూ నష్టం ఒకటే. అందుకే మెషిన్ మీద బ్యాలెన్స్ కనిపించడం దేనికీ గ్యారంటీ కాదు. అది ఈ క్షణానికి ఎంత ఉందో చెబుతుందే తప్ప ఆ డబ్బు ఎవరిదో చెప్పదు.

లెక్క చూడండి. 22 ఇచ్చాను, మూడున్నర వాడుకున్నాను, పద్దెనిమిదిన్నర పోయింది. అదే 22 పట్టుకుని అదే మెషిన్ దగ్గర కొత్త కార్డు తీసుకుంటే 7 పోగా 15 పౌండ్లు నా పేరు మీద భద్రంగా ఉండేవి.

ఇంకో మాట. నిజంగా వెళ్లిపోతున్నవాళ్లకి కార్డుని తక్కువకి అమ్ముకోవాల్సిన అవసరమే లేదు. 10 పౌండ్ల లోపు బ్యాలెన్స్ అయితే ట్యూబ్ స్టేషన్ మెషిన్ దగ్గరే వెనక్కి తీసుకోవచ్చు, అంతకన్నా ఎక్కువైతే అకౌంట్ ద్వారానో ఫోన్ చేసో రీఫండ్ అడగొచ్చు. పైగా అందులో వేసిన డబ్బుకి గడువంటూ లేదు, మళ్లీ లండన్ వచ్చినప్పుడు వాడుకోవచ్చు. అలాంటప్పుడు 30 ఉన్న కార్డుని 22కి ఎందుకు ఇస్తున్నాడు అని నేను ఆరోజు ఒక్క నిమిషం ఆలోచించాల్సింది. మీరు ఆలోచించండి.

డబ్బు పోవడం ఒక ఎత్తు, దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మా రూమ్మేట్‌కి జరిగింది. తనూ ఇలాగే వాడిన కార్డు కొన్నాడు, తనది ఆగిపోలేదు, ఆరు వారాలు హాయిగా తిరిగాడు. ఒకరోజు ట్రైన్‌లో ఇన్‌స్పెక్టర్ వచ్చి కార్డు చెక్ చేసి, రైల్‌కార్డ్ చూపించు అన్నారు. ఏం రైల్‌కార్డ్? రైలు ఛార్జీల్లో డిస్కౌంట్ ఇచ్చే కార్డు అది. ఆ ఆయిస్టర్ అమ్మిన మనిషి తన 16–25 ఏళ్లవాళ్ల రైల్‌కార్డ్ డిస్కౌంట్‌ని దానికి లింక్ చేయించుకున్నాడు. రద్దీ లేని వేళల్లో ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది దానితో. మావాడు అన్ని రోజులూ తెలియకుండానే తక్కువ ఛార్జీతో తిరిగినట్టు లెక్క. తెలియదంటే వినరు, పెనాల్టీ రాశారు. అప్పట్లో అది 80 పౌండ్లు, 21 రోజుల్లో కడితే సగం. 2024 మార్చి నుంచి 100 చేశారు. కట్టేశాడు, అక్కడితో పోయింది, కానీ ఆ వారమంతా వాడికి నిద్ర లేదు. ఎందుకంటే ఇలాంటి కేసు కోర్టుకి వెళ్లి శిక్ష పడితే అది క్రిమినల్ రికార్డు కిందికి వస్తుంది, మన వీసా ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది. ఎనిమిది పౌండ్లు మిగుల్చుకోబోయి వీసా మీదికి తెచ్చుకునే పని ఇది. ఫొటో ఉన్న కార్డులు, అంటే స్టూడెంట్లవీ పిల్లలవీ 60 దాటినవాళ్లవీ, అవైతే ఎవరైనా ఊరికే ఇచ్చినా ముట్టుకోవద్దు. వేరేవాళ్ల పాస్ వాడటం మోసం కిందే లెక్క.

మరి ఎక్కడ కొనాలి అంటే, ట్యూబ్ స్టేషన్‌లో ఉన్న టికెట్ మెషిన్ దగ్గర. అంతకన్నా మంచి చోటు లేదు. హైదరాబాద్‌లో అమీర్‌పేట్ స్టేషన్ కౌంటర్‌లో మనిషికి కార్డిచ్చి వంద వేయించుకున్న అలవాటుతో ఇక్కడ కౌంటర్ కోసం వెతకొద్దు, ట్యూబ్ స్టేషన్లలో టికెట్ కౌంటర్లు 2015లోనే మూసేశారు. మెషిన్లు మాత్రం ఉంటాయి, పక్కన సిబ్బంది కూడా ఉంటారు, అడిగితే దగ్గరుండి చూపిస్తారు. హీత్రూలో దిగినవాళ్లు అక్కడి ట్యూబ్ స్టేషన్ మెషిన్ దగ్గరే కొనేయొచ్చు. కార్డు ధర 2025 సెప్టెంబర్ నుంచి 10 పౌండ్లు అయింది. ధర పెరిగింది కాబట్టి వాడిన కార్డులు అమ్మే మెసేజ్‌లు కూడా పెరుగుతాయని నా భయం, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

బస్సులో డ్రైవర్ దగ్గర కార్డు దొరకదు, టాప్‌అప్ చేయరు, క్యాష్ అసలే తీసుకోరు, 2014 జులై నుంచీ అంతే. బ్యాలెన్స్ చాలకపోతే కంగారు పడకండి, ఆయిస్టర్ మీద ఒక్క బస్సు ప్రయాణం అదనంగా వెళ్లనిస్తారు, ఆ తర్వాత మాత్రం టాప్‌అప్ చేసుకోవాల్సిందే.

వీధి చివర కిరాణా, పేపర్ షాపుల్లో కూడా ఆయిస్టర్ గుర్తు ఉన్న చోట కొనొచ్చు, టాప్‌అప్ చేయించుకోవచ్చు. ఇలాంటివి నగరమంతా ఉన్నాయి, స్టేషన్ దూరంగా ఉన్నవాళ్లకి ఇవే దిక్కు. చాలావరకు నిజాయితీగానే ఉంటారు. కానీ రసీదు అడగండి, అక్కడే చదవండి. నేను ఒక షాపులో 20 నోటు ఇస్తే రసీదు మీద 15 అని ఉంది. అడిగితే "సారీ బాస్" అని వెంటనే ఇంకో 5 వేశాడు, పొరపాటో ఏమో, కానీ అడగకపోతే పోయేదే కదా. బ్యాంకు కార్డుతో కడితే 50 పెన్నీలు అదనం అన్న షాపూ ఉంది, అలాంటి చోట చేయించుకోవద్దు, పక్క షాపుకో స్టేషన్‌కో వెళ్లిపోండి. టాప్‌అప్‌కి పైసా అదనంగా ఇవ్వాల్సిన పని లేదు.

యాప్‌లో టాప్‌అప్ చేస్తే ఇంకా సుఖం. ఫోన్‌లో కట్టిన అరగంటకి, మీరు మామూలుగా ప్రయాణానికి గేటు మీదో బస్సులోనో కార్డు పెట్టినప్పుడు డబ్బు కార్డులోకి వచ్చేస్తుంది. ఒక కార్డులో గరిష్ఠంగా 90 పౌండ్లు వేయొచ్చు, కానీ అంత ఎప్పుడూ ఉంచకండి, పది ఇరవై చాలు.

అసలు చాలామందికి ఆయిస్టరే అక్కర్లేదు. వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ కాంటాక్ట్‌లెస్ కార్డు గానీ ఫోన్‌లో ఉన్న కార్డు గానీ నేరుగా గేటు మీద పెట్టొచ్చు. పెద్దవాళ్ల ఛార్జీ అదే, రోజుకి ఇంత మించి కట్ అవ్వదన్న పరిమితి కూడా దానికీ ఉంది. రూపే నమ్ముకుని మాత్రం రావద్దు. ఇండియా క్రెడిట్ కార్డయితే ఫారెక్స్ ఛార్జీలు పడతాయి, కాబట్టి ఇక్కడి బ్యాంకు అకౌంట్ తెరిచాక ఆ కార్డుకి మారిపోండి. ఒకటి గుర్తుపెట్టుకోవాలి: పొద్దున ప్లాస్టిక్ కార్డు, సాయంత్రం ఫోన్ వాడితే, రెండూ ఒకే అకౌంట్‌వి అయినా మెషిన్ వాటిని వేర్వేరుగా చూస్తుంది. ఆ పరిమితి పనిచేయదు, దిగేటప్పుడు వేరేది పెడితే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఎక్కినదానితోనే దిగండి.

ఆయిస్టర్ నిజంగా కావలసింది రైల్‌కార్డ్ ఉన్న స్టూడెంట్లకి, ఎందుకంటే ఆ డిస్కౌంట్ బ్యాంకు కార్డుకి లింక్ అవ్వదు. మీ సొంత ఆయిస్టర్, మీ సొంత రైల్‌కార్డ్ తీసుకుని స్టేషన్ సిబ్బందిని అడిగితే మెషిన్ దగ్గర రెండు నిమిషాల్లో పెట్టిస్తారు, దానికి ఏమీ తీసుకోరు.

ఇప్పటికే ఎవరి దగ్గరో కొనేసి ఉంటే ఈ రాత్రే ఒక పని చేయండి. యాప్‌లో మీ పేరు మీద అకౌంట్ తెరిచి ఆ కార్డు నంబర్ ఎక్కించి చూడండి. ఎక్కకపోతే అది వేరేవాళ్ల పేరు మీద ఉండి ఉండొచ్చు, దాంట్లో ఇంకో పౌండ్ కూడా వేయకండి. కార్డు వెనక కుడి వైపు కింద మూలలో ఇంగ్లీషు 'డి' అక్షరం లేకపోతే అది బాగా పాత తరం కార్డు, అసలు యాప్‌లో పనే చేయదు. ఒకవేళ మీ పేరు మీద ఎక్కినా, రేపు స్టేషన్‌లో చూపించి ఇందులో ఏదైనా డిస్కౌంట్ ఉందా అని అడిగి, ఉంటే తీయించుకోండి.

మొన్న ఆదివారం హౌన్స్‌లోలో ఒక చెల్లి, వచ్చి నాలుగు రోజులే అయిందట, ఇలాంటి మెసేజే నాకు చూపించి "అన్నా, ఇది తీసుకోవచ్చా?" అని అడిగింది. 40 బ్యాలెన్స్, 28కి. వద్దని చెప్పి స్టేషన్‌కి తీసుకెళ్లాను. మెషిన్ దగ్గర తనతోనే బటన్లు నొక్కించాను, కార్డుకి 10, లోపల 10. ప్లాట్‌ఫామ్ మీద ట్రైన్ వచ్చేలోపు యాప్‌లో తన పేరు మీద ఎక్కించేసుకుంది. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.