స్మెల్లీ పొట్టి ఫోర్సెప్స్: పట్టు బాగుంది, తోలే బాగాలేదు

మన ‘మంత్రసాని’కి పుంలింగం లేదు. 18వ శతాబ్దపు లండన్‌లో ‘మగ మంత్రసాని’ అన్న మాటే పెద్ద తగువైంది. ఆ తగువులో ఎక్కువ తిట్లు తిన్న పనిముట్టు కాన్పులు చేసే వైద్యుడు విలియం స్మెల్లీ పొట్టి ఫోర్సెప్స్, అంటే ఇరుక్కున్న బిడ్డ తలను పట్టి లాగే పటకారు. అది ఎవరి చేతిలో ఉందన్నది తర్వాత, ముందు దాని పనితనం చూద్దాం.

విడివిడిగా రెండు ఇనుప రెక్కలు. బిడ్డ తలను పట్టేలా వంపు, ఒక్కో రెక్క నడుమ పొడవాటి ఖాళీ. ఆ ఖాళీ వల్ల రెక్క పలచబడి తక్కువ చోటులో పడుతుంది, పట్టు కూడా జారదు. దీని అసలు తెలివి తాళంలో ఉంది. మర లేదు, చీల లేదు. ఒక కాడ గాడిలో రెండో కాడ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఒక్కో రెక్కనూ విడిగా లోపలికి పంపి అక్కడ కలపొచ్చు.

వాడే ముందు మూత్రాశయం ఖాళీగా ఉండాలి, గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకోవాలి, తల బాగా దిగాలి. తల పైనే ఉంటే ఈ పొట్టి రకం అందదు. వేలితో తడిమి చెవి ఎటుందో కనిపెట్టాలి, రెక్కలు చెవుల మీదుగా పోవాలి. నొప్పికీ నొప్పికీ మధ్య, లోపల ఉంచిన వేళ్ల వెంబడి, ముందు ఎడమ రెక్క, తర్వాత కుడిది. గాడి సులువుగా పడకపోతే రెక్క తప్పు చోట ఉందని అర్థం. బలవంతంగా బిగిస్తే బిడ్డ ముఖానికి గాయం, తల్లికి చీలిక. తీసి మళ్లీ పెట్టడమే. లాగడం నొప్పితో పాటే. ముందు కిందికి, తల బయటపడే వేళ పైకి.

ఇక తోలు. ఇనుము చప్పుడుకు తల్లి బెదరకూడదని స్మెల్లీ రెక్కలకు తోలు చుట్టి, పంది కొవ్వు రాయించాడు. వాడాక, ముఖ్యంగా అంటురోగం అనుమానం ఉన్నచోట, తోలు మార్చమనీ చెప్పాడు. కానీ రక్తం పీల్చుకున్న తోలు కడిగితే శుభ్రపడదు. మార్చడం మరిచిన రోజు తర్వాతి బాలింతకు ప్రమాదం. నున్నటి వట్టి ఉక్కే మేలు. రెక్కలను జేబుల్లో దాచి, దుప్పటి చాటున తీసి వాడమనడం నాకు అసలు నచ్చదు. తన ఒంట్లోకి ఏం పోతోందో తల్లికి తెలియాలి.

ప్యారిస్‌లో చదువుకుని లండన్‌లో కాన్పులు చేసిన ఎలిజబెత్ నిహెల్ 1760లో ఈ మగ వైద్యులను ఏకిపారేసింది. ఓపిక పడితే అయ్యే కాన్పుకు తొందరపడి ఇనుము పెడతారన్నది ఆమె ఆరోపణ. అందులో నిజముంది. కానీ తల నిజంగా ఇరుక్కుపోతే, ఫోర్సెప్స్‌కు ముందు గతి కొక్కెమే: బిడ్డ తలను ఛేదించి లాగడం. ఆ చోట బతికిన బిడ్డను చేతికిచ్చిన పనిముట్టు ఇది.

ఎప్పుడు వాడాలన్న ప్రశ్నకు తర్వాత థామస్ డెన్మన్ అనే కాన్పు వైద్యుడు ఓ కొలత పెట్టాడు: తల యోనికీ మలద్వారానికీ నడుమ భాగం మీద ఆరు గంటలు ఆగాకే పెట్టాలని. అతి నిదానమూ ముప్పే. 1817లో బ్రిటన్ యువరాణి షార్లెట్ దాదాపు 50 గంటలు నొప్పులు పడింది. ఫోర్సెప్స్ వాడలేదు. బిడ్డ చనిపోయి పుట్టాడు, గంటల్లోనే తల్లీ పోయింది.

కటి ఎముకలే వంకరగా ఉంటే ఏ ఫోర్సెప్సూ పనిచేయదు. 1670లో ఇంగ్లండ్ కాన్పు వైద్యుడు హ్యూ చాంబర్లెన్ తన ఇంట్లో రహస్యంగా దాచుకున్న ఫోర్సెప్స్‌ను అమ్ముకోవడానికి ప్యారిస్ వెళ్లినప్పుడు, అక్కడి కాన్పు వైద్యుడు మొరిసో అలాంటి స్త్రీనే చూపించాడు. మూడు గంటలు ప్రయత్నించినా కాలేదు, ఆమె మరునాటికి చనిపోయింది. చాంబర్లెన్ల ఫోర్సెప్స్ నాలుగు జతలు 1813లో ఇంగ్లండ్ ఎసెక్స్‌లోని వుడ్‌హామ్ మార్టిమర్ హాల్ నేల పలకల కింద బయటపడ్డాయి. స్మెల్లీ మాత్రం తన పద్ధతిని 1752లోనే అచ్చులో పెట్టాడు. తోలు విప్పేసి వాడేట్టయితే నా ఓటు స్మెల్లీదానికే.